ఇది ఎవరి చెయ్యి

బాగాలేదని గిటారు వెనక్కి తెచ్చినవాళ్ళను చెక్కమ్మ తన ముప్పై ఏళ్ళ పనిలో ముగ్గురిని చూసింది. ముగ్గురికీ గడ్డి పెట్టి పంపించింది. కానీ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, మూత తీసి, "ఎంత బాగుందో చెప్పలేనమ్మా, కానీ ఇది నాది కాదు" అన్న మనిషిని చూడడం ఇదే మొదలు. ఇలాంటివాళ్ళకు ఏ గడ్డి పెట్టాలో ఆమెకు తోచలేదు.

తెచ్చినావిడ ఎముకల డాక్టరమ్మ. పొద్దస్తమానం విరిగిన చేతులూ కాళ్ళూ అతికించి, తీరిక దొరికితే జాజ్ వాయిస్తుంది. తీగ మీటడానికి పిక్కు బిళ్ళ పట్టుకోదు, వట్టి వేళ్ళే. బొటనవేలితో కింద మంద్రం నడిపిస్తూ, మిగిలిన వేళ్ళతో పైన పాట పలికిస్తూ, ముగ్గురు చేసే పని ఒక్క మనిషే చెయ్యాలి. అలా వాయించేవాళ్ళకు దుకాణంలో వేలాడే గిటారు పనికిరాదు. తీగకూ తీగకూ మధ్య వేలు దిగేంత ఎడం ఉండాలి. వేలు తగిలీ తగలకముందే పలకాలి. లావు తీగ మొరటుగా మోగి సన్న తీగ గొంతు నొక్కెయ్యకూడదు. మెడ మీద పై మెట్ల దాకా చెయ్యి పోవడానికి గిటారు భుజం ఒక పక్క లోపలికి ఒంపు తిరిగి ఉండాలి. వినేవాళ్ళకు ఇవన్నీ గొంతెమ్మ కోరికలే గానీ, చెక్కమ్మ బతుకు ఆ కోరికలు తీర్చడంలోనే గడిచింది.

ఆమె అసలు పేరు కాగితాల్లో ఉంది, అక్కడే ఉండనిద్దాం. నాలుగేళ్ళప్పుడు బొమ్మలు వదిలేసి, నాన్న పనిగదిలో చెక్కముక్కలు ఏరుకుని, వాటిని వాసన చూస్తూ, చెవి దగ్గర పెట్టుకుని తడుతూ కూర్చునేదట. అప్పుడు పిన్ని పెట్టిన పేరు అది. ఇప్పుడు యాభై రెండేళ్ళు వచ్చినా పేరు మారలేదు, అలవాటూ మారలేదు. చెవి మీద పెన్సిలు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. స్నానానికి వెళ్ళేటప్పుడైనా తీస్తుందిలే అని అక్క అనేది. అదీ అనుమానమే అని బావ అనేవాడు.

"మీది కాకపోవడమేంటండీ? మీ చెయ్యి నేనే గీశాను. అదుగో, మేకుకి వేలాడుతోంది" అంది చెక్కమ్మ.

చెయ్యి చూడకుండా చెక్క కొయ్యకూడదన్నది నాన్న పెట్టిన నియమం. ఎవరు గిటారు అడిగినా ముందు గోధుమరంగు కాగితం పరిచి, ఎడమ చెయ్యి దాని మీద పెట్టించి, వేళ్ళ చుట్టూ పెన్సిలుతో గీస్తారు. పక్కన ఏ వేలు ఎంత సాగుతుందో రాసుకుంటారు. ఆ కాగితం గోడమేకుకు ఎక్కుతుంది. కొత్త చెయ్యి పైన, పాత చేతులు కింద. ఆ మేకుకు ఇప్పుడు అంగుళం మందాన చేతులున్నాయి.

డాక్టరమ్మ కాగితం కేసి చూడనుకూడా లేదు. గిటారు తీసి బోర్లా తిప్పి, మెడ వెనక వీపు మీద తన అరచెయ్యి ఆనించింది.

"వెడల్పు నాదే. తీగల ఎడం నాదే. వీపు మాత్రం ఎవరిదో. ఇక్కడ, లావు తీగ వైపు భుజం దించేశారు. అంటే ఈ మనిషి బొటనవేలు మెడ మీదుగా ఇవతలికి వచ్చి లావు తీగ నొక్కుతుంది. నా బొటనవేలు మెడ వెనకే ఉంటుంది, ఎప్పుడూ ఇవతలికి రాదు. ఇటు చివర ఇంకాస్త అరగదీశారు. చిటికెనవేలు పొట్టి కాబట్టి అందాలని. మధ్యలో మాత్రం కండ నిండుగా వదిలారు, అంటే అరచెయ్యి పెద్దది. గంట వాయించేసరికి నా బొటనవేలి మొదలు సలుపుతోంది. మీరేమీ అనుకోకండి, నాకు రోజంతా ఇదే పని కదా. మగమనిషి. పొడుగరి. చిటికెనవేలు పొట్టి." ఆవిడ గిటారు దించి, రోగిని అడిగినట్టే నెమ్మదిగా అడిగింది. "ఇది ఎవరి చెయ్యి?"

చెక్కమ్మకు ముందు కోపం వచ్చింది. ఆమెకు ఏది రావాలన్నా ముందు కోపమే వస్తుంది, మిగతావి దాని వెనక వరసలో నిలబడతాయి. "ఎవరిదేంటండీ, నేను చెక్కిన మెడ, నా పద్ధతి" అంటూ గిటారు లాక్కుని, మెడ చేతిలోకి తీసుకుని, అలవాటుగా కళ్ళు మూసుకుంది. కాగితం మీద గీసిన చెయ్యి వెడల్పు చెబుతుంది గానీ లోతు చెప్పదు. మెడ వీపు కళ్ళు మూసుకుని, అరచేత్తో తడుముతూ, ఆకురాయితో కాస్త కాస్త తీస్తూ పోవాలి. చెయ్యి ఒప్పుకున్నప్పుడు ఆపాలి. ఇన్నేళ్ళూ ఒప్పుకుంటున్నది తన చెయ్యే అనుకుంది.

కళ్ళు తెరిచేసరికి ఆమె మొహంలో రంగు లేదు. డాక్టరమ్మ అది చూసింది. చూసి, చూడనట్టు పెట్టె మూత సర్దింది.

"రెండే దారులమ్మా. ఈ వీపు చెరిపేసి నా చెయ్యికి తగ్గట్టు తీసివ్వండి. లేదూ, ఈ చెయ్యి గలాయన ఎవరో ఆయనకే ఇచ్చేసి, నాకింకోటి మొదలుపెట్టండి. ఆగుతాను. నాకు ఏదైనా ఒకటే, కానీ ఏదో ఒకటి చెప్పండి. గురువారం వస్తాను."

ఆవిడ వెళ్ళిపోయాక చెక్కమ్మ మేకు దగ్గరికి వెళ్ళింది. కాగితాలన్నీ ఒక చేత్తో పైకెత్తి, అడుగున చూసింది. పసుపుపచ్చగా మారిన ఒక కాగితం. పెద్ద అరచెయ్యి, పొట్టి చిటికెనవేలు. పక్కన తన రాత, 'బావ'.

బావ రావడం మానేశాక ఈ ఆరేళ్ళలో పదకొండు గిటార్లు చేసింది. పదకొండూ వట్టి వేళ్ళతో వాయించేవాళ్ళవే. "ఆ మెడ ఇంకెక్కడా దొరకదండీ, చెక్కమ్మ మెడ అంటే చెక్కమ్మ మెడే" అని వాయించేవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటుంటే విని మురిసిపోయింది కూడా. ఇన్నాళ్ళకు తెలిసింది ఆ మెడ వెనక ఉన్నది తన పనితనం కాదని. పదకొండు మంది బావ చెయ్యి పట్టుకుని ఊళ్ళు తిరుగుతున్నారు. పట్టుకోనిది తనొక్కతే.

బావ అంటే అక్క మొగుడు. లిఫ్టుల మెకానిక్. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టు ఎక్కడ మూలుగుతోందో, ఏ తాడు అరిగిందో చెవితోనే పట్టేస్తాడు. ఆ చెవికి ఎప్పుడో చిన్నప్పుడు ఎవరింటి కిటికీలోంచో జాజ్ సోకింది. నేర్పేవాళ్ళు లేకపోతే వినీ వినీ తనే నేర్చుకున్నాడు. అందుకే ఆ బొటనవేలి వాలకం. ఎవరైనా నేర్పి ఉంటే అలా మెడ మీదుగా వెయ్యనిచ్చేవాళ్ళు కాదు.

గిటారు తయారీలో అన్నిటికన్నా గడ్డుపని పైపలక. అది పల్చనయ్యేకొద్దీ పలుకుతుంది. పల్చబరుస్తూ, వేలి కణుపుతో తట్టుతూ, వింటూ పోవాలి. ఎక్కువ ఉంటే మూగ, ఒక్క పొర ఎక్కువ తీస్తే డొల్ల. తీసినదాన్ని మళ్ళీ అతికించే మొనగాడు ఇంకా పుట్టలేదు. నాన్న పోయాక ఆ వినే పని బావకు వచ్చింది. పనిగది గోడ అవతల అచ్చాఫీసు. దాని యంత్రం రోజంతా దడదడలాడుతుంటే చీమ చిటుక్కుమన్నది కాదు కదా, ఏనుగు ఘీంకరించినా వినపడదు. గురువారం దానికి సెలవు. అందుకని గురువారం మధ్యాహ్నం బావ వచ్చి, చెక్కమ్మ వెనకాల ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. ఆమె ఒక పొర తీసి తట్టేది. ఆయన మాట్లాడడు. ఇంకో పొర. మాట్లాడడు. ఇంకోటి. అప్పుడు, "చాలు."

ఆ మాట పడ్డాక ఆ చెక్క మీద ఇంకో గీత పడకూడదు. దేవుడు దిగొచ్చి ఇంకాస్త తియ్యమన్నా తియ్యకూడదు. ఆ గదిలో ఆ మాట బావది. అక్క వచ్చి టీ పోస్తూ ఉంటే కూడా చెక్కమ్మ 'ఇంక వద్దు' అనేది గానీ 'చాలు' అనేది కాదు.

"నీకొక గిటారు చేస్తా బావా" అని ఒకసారి ఆయన చెయ్యి కాగితం మీద పెట్టించి గీసింది. అక్క పక్కనే నిలబడి చూస్తోంది. "చెయ్యి పట్టుకుంటే పట్టుకున్నావు గానీ, గీసుకుని తిరిగిచ్చెయ్యవే. నాకు దాంతో ఇంకా పనుంది" అంది. ముగ్గురూ నవ్వారు. గిటారుకేం తొందర, ముందు బయటివాళ్ళవి కానీ అంటూ బావే వాయిదా వేశాడు. తయారైన ప్రతి గిటారునూ మొదట వాయించేది ఆయనే, మరి తనకంటూ ఒకటెందుకు అనేవాడు. ఆ కాగితం మీద మిగతా కాగితాలు పడ్డాయి.

తర్వాత అక్క పోయింది. నాలుగు నెలల జబ్బు, అంతే. బావ ఆ తర్వాత కూడా రెండేళ్ళు ప్రతి గురువారం వచ్చాడు. వినాల్సిన పలక ఉన్నా వచ్చాడు, లేకపోయినా వచ్చాడు. లేని రోజున పీట మీద కూర్చుని, అక్క గురించి ఏదో ఒకటి చెప్పుకుని, సాయంత్రం లేచి వెళ్ళేవాడు. గురువారం వస్తోందంటే చెక్కమ్మకు బుధవారం నుంచే గది ఊడవబుద్ధి అయ్యేది. అక్క ఉండగా మాత్రం కాదు. అది ఆమె తన మనసును చాలాసార్లు నిలదీసి అడిగి తేల్చుకుంది.

ఒక గురువారం పిన్ని కూడా వచ్చింది. పిన్ని మనసు వెన్న, నోరు మాత్రం గొడ్డలి. బావ పీట మీద ఉన్నాడు, చెక్కమ్మ పలక మీదకు వంగి ఉంది. పిన్ని ఇద్దరినీ చూసి, వక్క నములుతూ మొదలుపెట్టింది. "ఎన్నాళ్ళమ్మా ఈ చెక్కల వంక? వారం వారం ఈయన రావడం, నువ్వు ఎదురుచూడడం, నాకు కళ్ళు లేవనుకున్నారా? మీ అక్క ఎలాగూ పోయింది. మీరిద్దరూ చిన్నపిల్లలు కారు, అడిగేవాడు లేడు, అడ్డేవాడు లేడు. మీ ఇద్దరికీ ఇష్టమో కాదో ఒక్క మాట చెప్పండి, నేను నడిపిస్తాను."

చెక్కమ్మకు నెత్తురంతా మొహంలోకి వచ్చింది. తలెత్తితే ఆ మొహం బావకు కనబడుతుంది. తలెత్తకుండానే, పిన్ని నోరు మూయించాలని, నోటికొచ్చిన మొదటి మాట అనేసింది.

"చాలు."

పిన్నికి అది వెయ్యి మాటల్లో ఒక మాట. బావకు కాదు. ఆ గదిలో ఆ మాటకు ఒకటే అర్థం, ఇంకో గీత పడకూడదని. ఆయన "సరే" అన్నాడు. లేచి, పీట గోడ వారగా జరిపి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి గురువారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

వెంటనే వెళ్ళి, నిన్ను కాదు బావా, పిన్నినన్నాను అని చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పడం తేలికే. కానీ నన్ను కాకపోతే మరి పిన్ని అడిగినదానికి నీ జవాబేంటి అని ఆయన అడగకపోయినా ఆ ప్రశ్న ఇద్దరి మధ్యా కూర్చుంటుంది. దానికి జవాబు చెప్పే ధైర్యం చెక్కమ్మకు లేదు. అక్క నవ్వుతూ అన్న మాట ఒకటి చెవిలో ఉంది, తిరిగిచ్చెయ్యవే అని. ఇవాళ, రేపు అనుకుంటుండగా ఆరేళ్ళు అయిపోయాయి. ఇప్పుడు పలక పల్చబరిచేటప్పుడు ఆమె భయం వేసినచోట ఆపేస్తోంది. అది చాలో చాలదో చెప్పేవాళ్ళు లేరు.

మంగళవారం తీగలు విప్పి, గిటారును బల్లకు బిగించి, ఆకురాయి చేతికి తీసుకుంది. పది నిమిషాల్లో బావ చెయ్యి పొట్టు కింద రాలిపోతుంది, రెండు రోజుల్లో డాక్టరమ్మ చెయ్యి వస్తుంది. ఆకురాయి మెడ మీద ఆనించింది. తీసేసింది. గరుకు కాగితం తీసుకుంది. అదీ పక్కన పెట్టింది. వెళ్ళి టీ పెట్టుకుని, తాగకుండా మళ్ళీ వచ్చింది. బల్ల ముందు నిలబడి గట్టిగా ఏడ్చింది. గోడ అవతల యంత్రం మోగుతుండడం ఒకందుకు మంచిదే అయింది.

ఆ సమయానికే పిన్ని దిగింది. డెబ్బై ఎనిమిదేళ్ళ పిన్నికి కబురు చెప్పక్కర్లేదు, వాసన చాలు.

"ఏమే, కళ్ళేంటి అలా ఉన్నాయి?"

"పొట్టు పడింది."

"ఆకురాయికి పొట్టు కూడా అంటలేదు, నాకు చెబుతున్నావు" అంది పిన్ని కూర్చుంటూ.

చెక్కమ్మ ఇంక దాచలేక డాక్టరమ్మ అన్నదంతా చెప్పింది. మేకు అడుగున కాగితం చూపించింది. ఆ గురువారం గురించి కూడా చెప్పింది. "ఆ రోజు నేను చాలు అన్నది నిన్ను, పిన్నీ."

పిన్ని నమలడం ఆపింది. "నన్నా? అదేంటే, ఆరేళ్ళుగా నేను ఎంచక్కా మాట్లాడుతూనే ఉన్నానే."

"అవును. నువ్వు ఆగాల్సింది ఒక్క నిమిషం. ఆగింది ఆయన."

"ఆ మాట అల్లుడితో చెప్పావా?"

"లేదు."

"నోట్లో నాలుక ఉందా, అది కూడా చెక్కతో చేయించుకున్నావా?" పిన్ని లేచి, బల్లకు బిగించిన గిటారు దగ్గరికి వచ్చి, మెడ మీద చెయ్యి వేసి చూసింది. ఆవిడకు ఏమీ తెలిసి ఉండదు. అయినా చాలాసేపు అలాగే పట్టుకుంది. "మీ అక్కకి నేను పాలిచ్చి పెంచినదాన్ని. అది ఉంటే ఇవాళ నీ రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్ళేది. నాకు మోకాళ్ళు పనిచెయ్యవు. నువ్వే వెళ్ళు."

బుధవారం చెక్కమ్మ తీగలు మళ్ళీ బిగించి, గిటారు పెట్టెలో పెట్టుకుని బస్సెక్కింది. పెట్టెను ఒళ్ళో నిలబెట్టుకుని కూర్చుంటే, పక్క సీటావిడ రెండు స్టాపులు ఓపిక పట్టి, "ఏమ్మా, చెవి మీద పెన్సిలు ఉండిపోయింది" అని చెప్పింది. "ఉండనీయండమ్మా, అదొక్కటే నాతో వస్తానంది" అంది చెక్కమ్మ.

బావ పనిచేసేది ఎనిమిది అంతస్తుల ఆఫీసు భవనంలో. లిఫ్టు ఎనిమిదో అంతస్తులో దింపేస్తుంది. అక్కడినుంచి సన్నటి ఇనుప మెట్లు, పైన ఒక ఇనుప తలుపు. దాని అవతల లిఫ్టు యంత్రాల గది. చెక్కమ్మ పెట్టెను గోడకు తగలకుండా ఎత్తి పట్టుకుని మెట్లెక్కింది.

తలుపు తీసే ఉంది. లోపల పెద్ద చక్రం మీంచి తాళ్ళు నేల కంతలోకి దిగి ఉన్నాయి. బావ వంగి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన మోటారు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుని వింటున్నాడు. జుట్టు మొత్తం నెరిసిపోయింది. ఆయన వినడం అయ్యేదాకా చెక్కమ్మ గుమ్మంలోనే నిలబడింది. వింటున్న మనిషిని పిలవకూడదని ఆ గదిలో కాదు, తన గదిలో నేర్చుకుంది.

ఆయన కళ్ళు తెరిచి చూశాడు. చాలాసేపు చూశాడు. "నువ్వా" అన్నాడు.

"నేనే."

"పిన్ని బాగుందా?"

"దానికేం, గుండ్రాయిలా ఉంది."

ఆయన చూపు పెట్టె మీదకు వెళ్ళింది. "ఎవరిది?"

"అది చెప్పించుకుందామనే తెచ్చాను."

బావ మూలనున్న కుళాయి కింద చేతులు కడుక్కుని, గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. అప్పుడు చూసింది చెక్కమ్మ. ఎడమ చెయ్యి ఉంగరపు వేలికి మొదటి కణుపు లేదు. గోరు ఉండాల్సినచోట నున్నటి మొండి ఉంది.

"ఇదేంటి బావా?"

"ఓ, అదా. మూడేళ్ళు దాటింది. తాడు సర్దుతుంటే కింద ఎవరో మీట నొక్కారు. నాకన్నా చక్రం తొందరపడింది." అని నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "నొప్పేం లేదిప్పుడు."

మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో ఆరు గిటార్ల మెడలు కళ్ళు మూసుకుని తడిమి తడిమి తీసింది. ఆ చెయ్యి ఇలా అయిందని ఆమె అరచేతికి ఒక్కసారి కూడా తెలియలేదు. ఏం చెవులు నావి, ఏం చేతులు నావి అనుకుంది. చాలా బాధేసింది.

బావ స్టూలు మీద కూర్చుని గిటారు తీసుకున్నాడు. మొదట పాత అలవాటు ప్రకారం పైపలక మీద కణుపుతో తట్టి, చెవి దగ్గరగా వంచి విన్నాడు. "కాస్త ముందే ఆపేశావు. ఇంకో రెండు పొరలు తియ్యాల్సింది."

"చెప్పేవాళ్ళెవరు?"

ఆయన గిటారు ఒళ్ళో సర్దుకుని, ఎడమ చెయ్యి మెడకు వేశాడు. బొటనవేలు మీదుగా వచ్చి లావు తీగ మీద వాలింది. అరచెయ్యి మెడ వీపు మీద పూర్తిగా సర్దుకుంది, ఎక్కడా సందు లేకుండా. బావ చెక్కను, తర్వాత తన చేతిని, మళ్ళీ చెక్కను చూశాడు. అడగాల్సింది ఏమీ మిగల్లేదు, అయినా అడిగాడు. "ఇది ఎవరి కోసం చేశావు?"

"డాక్టరమ్మ కోసం. అంతకుముందు పది మంది కోసం చేసినవి కూడా ఇలాగే వచ్చాయి. నాకు తెలీదు బావా. మొన్న ఆవిడ చెబితే తెలిసింది."

ఆయన వేళ్ళు పేర్చి ఒకసారి మీటాడు. బొటనవేలి కింద మంద్రం లేచింది, పైన రెండు స్వరాలు తియ్యగా మోగాయి. మధ్యలో ఉండాల్సినది మోగలేదు. టక్కుమని చెక్క చప్పుడు వచ్చింది. అక్కడ నొక్కడానికి వేలు లేదు. మళ్ళీ మీటాడు. మళ్ళీ అదే.

"ఇది నా చెయ్యే. కానీ పాతది" అన్నాడు.

అప్పుడు చెక్కమ్మ అనేసింది. ఆరేళ్ళు దాచిన మాట, బస్సులో పదిసార్లు వల్లెవేసుకున్న మాట, తీరా నోట్లోంచి వస్తే ఇంతే ఉంది. "ఆ రోజు నేను చాలు అన్నది పిన్నిని."

కింద ఎవరో లిఫ్టు పిలిచారు. చక్రం కదిలింది, తాళ్ళు కంతలోకి పరిగెత్తాయి, గదంతా హోరు. ఆ హోరులో మాట్లాడి లాభం లేదని ఇద్దరికీ తెలుసు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఆగారు. ఎక్కడో ఒక అంతస్తులో లిఫ్టు ఆగింది. హోరు తగ్గింది.

"పిన్నినా?"

"పిన్నినే."

"మరి ఆరేళ్ళు చెప్పలేదేం?"

"చెబితే, పిన్ని అడిగినదానికి కూడా జవాబు చెప్పాల్సొస్తుందని."

"ఏంటా జవాబు?"

చెక్కమ్మ గిటారు మెడ కేసి చూపించింది. "చెప్పానుగా. పదకొండుసార్లు."

బావ తల వంచుకున్నాడు. గిటారు మీద ఒక చుక్క పడితే, మెరుగు పాడవుతుందని చొక్కా కొసతో వెంటనే తుడిచాడు. ఎంత దుఃఖంలోనూ చెక్క మీద తడి ఉండనివ్వని మనిషి. "నాకు ఆ రోజు ఏమనిపించిందంటే, నా రాకలు ఎక్కువైపోయాయని. నువ్వు చెప్పలేక చెప్పావని. చెక్కకి చెవి పెట్టేవాణ్ణి, పక్కనున్న మనిషికి పెట్టలేదు."

తర్వాత గిటారు బోర్లా తిప్పి వీపు నిమిరాడు. "మంచి మెడ. కానీ ఇది ఆ డాక్టరమ్మకూ పనికిరాదు, నాకూ పనికిరాదు."

"అవును. ఎలాగైనా ఆ చెయ్యి పోవాల్సిందే." ఆ మాట అనగలిగినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. నిన్న ఆకురాయి ఆనించి ఒక్క పొర కూడా తియ్యలేకపోయిన మనిషి. "కండ బోలెడుంది, కొత్త వీపు తియ్యొచ్చు. మూడు వేళ్ళకీ బొటనవేలికీ సరిపోయేలా తీస్తాను. పలక కూడా గిటారు వెనక చెక్క విప్పి రెండు పొరలు తగ్గిస్తాను. నువ్వుంటే."

"డాక్టరమ్మకి?"

"ఇంకోటి మొదలుపెడతానని రేపు చెబుతాను."

"రేపు గురువారం కదూ" అన్నాడు బావ. "అచ్చాఫీసుకి ఇంకా గురువారమేనా సెలవు?"

"గురువారమే."

ఆయన చుట్టూ చూసి, గోడకున్న తనిఖీల పుస్తకంలోంచి రాయని కాగితం ఒకటి చింపి, పనిముట్ల పెట్టె మూత మీద పరిచాడు. ఎడమ చెయ్యి దాని మీద పెట్టి, వేళ్ళు విప్పాడు. "గియ్యి మరి. చెయ్యి చూడకుండా చెక్క కొయ్యకూడదుగా."

చెక్కమ్మ నేల మీద మోకాళ్ళు వేసి కూర్చుంది. చెవి మీది పెన్సిలు తీసింది. అక్క నవ్వు గుర్తొచ్చింది. తిరిగివ్వడానికి నువ్వు లేవు కదే అని మనసులోనే చెప్పుకుంది. పొట్టి చిటికెనవేలి పక్కన మొదలుపెట్టి, పైకి, మళ్ళీ కిందికి, వేలికీ వేలికీ మధ్య సందులోకి. ఉంగరపు వేలి దగ్గర గీత తొందరగా మళ్ళిపోయింది. ఆ మొండి అంచున పెన్సిలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సాగింది. నడిమి వేలు, చూపుడు వేలు, మెడ మీదుగా దొంగతనంగా వచ్చే ఆ బొటనవేలు. మణికట్టు దగ్గరికి వచ్చి పెన్సిలు ఆగింది. గీయడానికి ఇంకేమీ లేదు.

బావ చెయ్యి తియ్యలేదు.

"చాలా?" అని అడిగింది చెక్కమ్మ, తలెత్తకుండానే.

"ఆ మాట చెప్పాల్సింది నేను కదా" అన్నాడు బావ.

చెప్పలేదు. చెక్కమ్మ పెన్సిలు తీసుకెళ్ళి మళ్ళీ చిటికెనవేలి పక్కన పెట్టి, గీసిన గీత మీదే మెల్లగా గీయడం మొదలుపెట్టింది.